నెవర్‌ఎండింగ్ స్టోరీ ఇప్పుడు చూస్తే బాగుంటుందా? తొమ్మిదేళ్ళ పాపతో కలిసి చూడాలి

హనుమకొండ_నాన్న:

అందరికీ నమస్తే. అడగాల్సింది ఒక్క ముక్కే గానీ సంగతంతా చెప్తే తప్ప అర్థం కాదు, కాస్త ఓపిక పట్టండి.

మా పాపకి తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి. అందరి ఇళ్ళల్లో పిల్లలకి ఫోన్ పిచ్చి అని గొడవైతే మా ఇంట్లో కథల పిచ్చి అని గొడవ. మా అమ్మ దాచుకున్న పాత చందమామలు అటక మీద నుంచి దింపించుకుంది, బేతాళ కథలన్నీ అయిపోయాయి, ఇప్పుడు అన్నం తింటూ కూడా ఏదో ఒకటి ముందు పెట్టుకుంటుంది, ముద్ద నోట్లోకి పోతోందో ముక్కులోకి పోతోందో చూసుకోదు. మొన్న లెక్కల్లో మార్కులు తగ్గితే "గాల్లో తేలింది చాలు, కాస్త నేల మీద నడువు" అని నేనే కేకలేశాను.

ఇలా ఉండగా మా మేనల్లుడు సెలవులకొచ్చి స్ట్రేంజర్ థింగ్స్ మళ్ళీ మొదటి నుంచి చూస్తున్నాడు. మూడో సీజన్‌లో ఆ టోపీ పిల్లాడు, వాడి గర్ల్‌ఫ్రెండ్ రేడియోలో ఒక పాట పాడతారు చూడండి, లోకం మునిగిపోతుంటే వీళ్ళకి పాటేంటి అనిపిస్తుంది, అది పాప చెవిన పడింది. రోజంతా అదే కూనిరాగం. అది నెవర్‌ఎండింగ్ స్టోరీ అనే పాత సినిమాలోదని, అందులో పుస్తకం చదివే పిల్లాడు మెల్లగా ఆ పుస్తకంలో పాత్ర అయిపోతాడని వాడు నోరు జారాడు. ఇక చూడండి నా తిప్పలు. ఆదివారం చూపించి తీరాలట.

నాకేమో అనుమానాలు. సినిమా 1984లో వచ్చింది, గ్రాఫిక్స్ చూసి పిల్ల నవ్వుతుందా, నిద్రపోతుందా? గుర్రం చచ్చిపోయే సీన్ ఒకటి ఉందని, అది చూసి పెద్దయ్యాక కూడా మరచిపోలేనివాళ్ళున్నారని విన్నాను. పైగా ఇది నవల ఆధారంగా తీసిందట, అలాంటప్పుడు ముందు పుస్తకం చదివించి తర్వాత సినిమా చూపించాలా, లేక సినిమాతోనే సరిపెట్టొచ్చా? కథ చెప్పేసినా నాకేం ఇబ్బంది లేదు, పాపకి చెప్పకుండా ఉంటే చాలు.

పక్కా_మాస్:

అన్నా సూటిగా చెప్తా, వద్దు. నేను పాట కోసమే మొదలుపెట్టి నలభై నిమిషాలకి ఆపేశా. అందులో డ్రాగన్ ఉంటుంది చూడు, దానికి పొలుసుల కంటే బొచ్చు ఎక్కువ, మొహం అచ్చం కుక్క మొహం, పెద్ద దుప్పటికి కుక్క తల కుట్టినట్టుంటుంది. పిల్లాడు దాని వీపు మీద కూర్చుని ఎగురుతుంటే వెనక ఆకాశం వేరే, వీడు వేరే అని కళ్ళకి కొట్టొచ్చినట్టు తెలిసిపోతుంది. పులి బొమ్మ కాస్త తేడాగా ఉంటేనే ట్రోల్ చేసే రోజులివి, ఇప్పటి పిల్లలు దీన్ని భరించలేరు. ఫైట్లు కూడా లేవు, ఒక్క తోడేలుతో ఒక్క సెకను ఫైట్. హీరో అంటే నడుస్తాడు, ఏడుస్తాడు, మళ్ళీ నడుస్తాడు. ఆదివారం పాడుచేసుకోకండి.

అటక_మీది_పుస్తకం:

పై అన్న నలభై నిమిషాలకే ఆపేసి తోడేలు ఫైట్ ఎలా చూశాడో నాకు అర్థం కాలేదు, అది సినిమా ఆఖర్లో కదా వచ్చేది. సరే పోనీ.

హనుమకొండ నాన్న గారూ, చూపించండి. తప్పకుండా చూపించండి. కాకపోతే చూపించేది సగం కథ అని మీకు ముందే తెలిసి ఉండాలి, నా గొడవంతా అదే.

నవల రాసింది మిషాయెల్ ఎండే అనే జర్మన్ రచయిత, 1979లో వచ్చింది. సినిమా తీసింది వోల్ఫ్‌గాంగ్ పీటర్సన్, తర్వాత హాలీవుడ్‌కి వెళ్ళి ట్రాయ్, ఎయిర్ ఫోర్స్ వన్ తీసినాయన. పుస్తకంలో ఇరవై ఆరు అధ్యాయాలు, ఒక్కో అధ్యాయం ఏ నుంచి జెడ్ దాకా వరసగా ఒక్కో అక్షరంతో మొదలవుతుంది. సినిమా సుమారు సగం దగ్గరే ఆగిపోతుంది. ఆగిపోతే తప్పేంటి, ఒక్క సినిమాలో ఎంతని పెడతారు అంటారేమో. ఆగిన చోటుతోనే నాకు పేచీ.

కథ ఇది. బాస్టియన్ అనే పిల్లాడికి అమ్మ చనిపోయింది, బళ్ళో పిల్లలు ఏడిపిస్తుంటారు, వాళ్ళనుంచి తప్పించుకోబోయి పాత పుస్తకాల షాపులో దూరి అక్కణ్ణుంచి ఒక పుస్తకం ఎత్తుకొచ్చి బడి అటక మీద కూర్చుని చదవడం మొదలుపెడతాడు. అందులో ఒక ఊహాలోకం, దాన్ని 'శూన్యం' మింగేస్తూ ఉంటుంది. మంట కాదు, వరద కాదు, రాక్షసుడు కాదు, అక్కడ ఉన్నది ఇక లేకుండా పోవడం, అంతే. ఆ లోకపు మహారాణి చిన్నపిల్లలా ఉంటుంది, ఆవిడ జబ్బు పడుతుంది, మందు వెతకడానికి అట్రేయు అనే కుర్రాడు బయల్దేరతాడు. చివరికి తేలేదేంటంటే ఆవిడకి కొత్త పేరు పెట్టాలి, ఆ పేరు పెట్టగలిగేది కథ చదువుతున్న పిల్లాడు మాత్రమే. సినిమాలో వాడు పేరు పెడతాడు, లోకం నిలబడుతుంది, కోరుకున్నన్ని కోరికలు తీర్చుకోవచ్చంటారు, వాడు ఆ డ్రాగన్ ఎక్కి మన లోకంలోకి వచ్చి తనని ఏడిపించిన పిల్లల్ని వీధుల వెంట తరిమి చెత్తడబ్బాలో దూకిస్తాడు. శుభం.

పుస్తకంలో అసలు కథ అక్కడ మొదలవుతుంది. బాస్టియన్ ఆ లోకంలోకి వెళ్తాడు, మెడలో కోరికలు తీర్చే పతకం ఉంటుంది, కానీ ఒక్కో కోరిక తీరినప్పుడల్లా మన లోకానికి సంబంధించిన జ్ఞాపకం ఒకటి చెరిగిపోతుంది. అందంగా ఉండాలనుకుంటాడు, ఒకప్పుడు లావుగా ఉండేవాణ్ణన్నది మరచిపోతాడు. బలం కావాలి, ధైర్యం కావాలి, పేరు కావాలి, ఇలా అడుక్కుంటూ పోయి చివరికి చక్రవర్తి కావాలనుకుంటాడు, ప్రాణస్నేహితుడు అట్రేయునే కత్తితో గాయపరుస్తాడు. ఆ తర్వాత ఒక ఊరు వస్తుంది, తనలాగే వచ్చి జ్ఞాపకాలన్నీ ఖర్చు పెట్టేసుకుని తిరిగి వెళ్ళలేకపోయినవాళ్ళ ఊరు. వాళ్ళు అక్షరాలున్న పాచికలు ఊరికే వేస్తూ కూర్చుంటారు. కథ అనేది గుర్తులేదు కాబట్టి అక్షరాలు ఎలా పడితే అలా. నేను ఆ అధ్యాయం పదిహేడేళ్ళ వయసులో చదివాను, ఆ రోజు రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు, గుర్రం సీన్ దాని ముందు ఎంత.

ఇంకొకటి చెప్తాను. పుస్తకంలో ఒక నియమం ఉంది. శూన్యంలో పడ్డ ఊహాలోకపు జీవులు మన లోకంలోకి వస్తాయి, కానీ వచ్చేటప్పటికి అవి అబద్ధాలుగా మారిపోతాయి. తోడేలు అట్రేయుకి చెప్పేది అదే, మనుషుల్ని ఆడించడానికి అబద్ధాలంత పనికొచ్చే సాధనం లేదని. ఇంత జాగ్రత్తగా కట్టిన నియమాన్ని సినిమా ఆఖరి రెండు నిమిషాల్లో ఏం చేసిందో చూడండి, డ్రాగన్‌ని తెచ్చి నగరం మీద ఎగరేసింది. ఎండేకి కోపం రాదా మరి? వచ్చింది. సినిమా పేరు మార్చమని పోట్లాడాడు, కోర్టుకి వెళ్ళాడు, ఓడిపోయాడు, సినిమా మొదట్లో వేసే పేర్లలో తన పేరు లేకుండా చేయించుకున్నాడు.

ఇంత చెప్పి చూపించమంటున్నానేంటి అంటే, మొదటి సగం వాళ్ళు ప్రేమతో తీశారు. ఆ ముసలి తాబేలు, రాళ్ళు తినే రాతిమనిషి, బంగారు సింహికల (సింహం ఒళ్ళు, ఆడమనిషి తల ఉన్న విగ్రహాలు) మధ్య నుంచి నడిచే సీను, ఇవి ఎన్నేళ్ళైనా పోవు. రాతిమనిషి తన పెద్ద చేతుల వైపు చూసుకుని, ఇంత బలమైన చేతులై ఉండి కూడా స్నేహితుల్ని పట్టుకోలేకపోయానని కూర్చునే చోట చూడండి, అది బొమ్మే, మోటార్లతో కదిలే బొమ్మే, నాకు మాత్రం గొంతు పట్టేస్తుంది.

బెజవాడ_అమ్మ:

గుర్రం గురించి నేను చెప్తానండి, మా ఇంట్లో జరిగింది కాబట్టి.

మా బాబుకి అప్పుడు ఏడేళ్ళు. నేను ఈ సినిమా గురించి ఏమీ తెలుసుకోకుండా, పోస్టర్ మీద తెల్ల డ్రాగన్ ముద్దుగా ఉందని పెట్టేశాను. మొదటి అరగంట దాటకముందే వస్తుంది ఆ సీను. దుఃఖపు ఊబి అని ఒకటి, అందులో దిగులు పడినవాళ్ళు మునిగిపోతారు. గుర్రం పేరు అర్టాక్స్. అది ఆగిపోతుంది, పిల్లాడు కళ్ళెం పట్టుకుని లాగుతాడు, బతిమాలతాడు, అరుస్తాడు, అది కదలదు, అలా చూస్తూ చూస్తూ మెడదాకా మునుగుతుంది. మా వాడు టీవీ ముందుకెళ్ళి నిలబడి "లేపు, లేపు" అని ఏడుపు. నేను పాజ్ పెట్టి, గుర్రం చివర్లో తిరిగొస్తుందిరా నాన్నా అని నెట్‌లో చూసి చెప్తే గానీ ఊరుకోలేదు. నిజంగానే వస్తుంది, చివర్లో అట్రేయు, గుర్రం మళ్ళీ కనిపిస్తారు, కాబట్టి మీరు ధైర్యంగా మాటివ్వొచ్చు. షూటింగ్‌లో గుర్రం నిజంగానే చనిపోయిందని వాట్సాప్ కబుర్లు తిరుగుతుంటాయి, అది నిజం కాదు, ఆ సంగతి కూడా ముందే చెప్పి పెట్టండి, ఎందుకంటే పిల్లలు అదే అడుగుతారు.

తమాషా ఏంటంటే, తర్వాత రెండేళ్ళకి మా వాడే ఆ సినిమా మళ్ళీ పెట్టమన్నాడు. ఆ సీన్ దగ్గర నన్ను వంటింట్లోంచి పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు, నాకోసమట.

ఏడేళ్ళకి తొందరేమో గానీ తొమ్మిదేళ్ళకి, అందులోనూ కథలు అంతగా చదివే పిల్లకి ఏం పర్లేదు. తోడేలు మాత్రం చీకట్లో పళ్ళు చూపిస్తూ వస్తుంది, రాత్రి పూట కాకుండా పగలు పెట్టండి.

అటక_మీది_పుస్తకం:

పుస్తకంలో ఆ గుర్రం మాట్లాడుతుందండీ. తనకి బతకాలని లేకుండా పోతోందని, నువ్వు వెళ్ళిపో అని, నేను మునగడం నువ్వు చూడొద్దు అని అట్రేయుకి చెప్తుంది. సినిమాలో నోరు లేని గుర్రం కళ్ళతో చూస్తుంది. ఏది ఎక్కువ బాధో నాకు ఇప్పటికీ తేలలేదు.

హనుమకొండ_నాన్న:

అమ్మో. అందరికీ థాంక్స్. ఇంకో సందేహం, ఇంగ్లీషులో చూస్తే తొమ్మిదేళ్ళ పిల్లకి అర్థమవుతుందా? జర్మన్ సినిమా అంటున్నారు కదా, డబ్బింగా? రెండో భాగం, మూడో భాగం కూడా ఉన్నట్టు కనిపిస్తోంది, పుస్తకంలో మిగతా సగం వాటిల్లో ఉందా?

మ్యూనిక్_మావయ్య:

దీనికి నేను జవాబు చెప్పకపోతే నేను పదకొండేళ్ళుగా కడుతున్న ఈ ఊరి ఇంటద్దె దండగ.

సినిమా తీసింది మ్యూనిక్ పక్కన బవేరియా స్టూడియోలో, కానీ తీసిందే ఇంగ్లీషులో. ఆ రోజుల్లో జర్మనీలో అంత ఖర్చు పెట్టి తీసిన సినిమా అంతకుముందు లేదు, ప్రపంచమంతా అమ్మాలంటే ఇంగ్లీషు తప్పదు కదా. బాస్టియన్ వేసిన పిల్లాడు, అట్రేయు వేసిన పిల్లాడు, మహారాణి వేసిన పాప, అందరూ అమెరికా నుంచి వచ్చినవాళ్ళే. అంటే జర్మన్ నవల మీద జర్మన్ దర్శకుడు తీసిన సినిమాని జర్మన్ పిల్లలు డబ్బింగ్‌లో చూశారు, మన పాన్ ఇండియా తంతు వీళ్ళు నలభై ఏళ్ళ క్రితమే కానిచ్చారు.

ఇంకో విచిత్రం, మీ పాప పాడుతున్న పాట జర్మన్ సినిమాలో లేదు. ఇక్కడి వెర్షన్‌కి క్లాస్ డోల్డింగర్ సంగీతం, వాద్యాల మీద నడుస్తుంది, కాస్త గంభీరంగా ఉంటుంది. అమెరికాకి పంపేటప్పుడు కొన్ని నిమిషాలు కోసి, జోర్జియో మొరోడర్ చేత సింథసైజర్ సంగీతం కొంత చేయించి, లిమాల్ పాడిన ఆ పాట పెట్టారు. కాబట్టి మీరు గంటన్నర ఉండే ఇంగ్లీషు వెర్షనే పెట్టండి, లేకపోతే పాప పాటేది అని అడుగుతుంది. ఇంగ్లీషు తేలికే, మాటలు తక్కువ, నెమ్మదిగా మాట్లాడతారు, ఆ తాబేలైతే ఒక్కో వాక్యానికి మధ్య తుమ్ముతుంది.

పక్కా_మాస్ తమ్ముడూ, నువ్వు దుప్పటి అన్నావే ఆ డ్రాగన్, దాని మీద నేను కూర్చున్నాను. ఇరవై అయిదో నంబర్ ట్రామ్ ఎక్కితే స్టూడియో దగ్గర దిగొచ్చు, టికెట్ కొనుక్కుని లోపలికెళ్తే చూపిస్తారు. జర్మన్‌లో దాని పేరు ఫుహుర్, ఇంగ్లీషులో ఫాల్కర్ చేశారు. బొమ్మ అసలు పొడుగు దాదాపు పదమూడు మీటర్లు. మా అత్తమామలు వైజాగ్ నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్ళాను. మా మావయ్య గారికి ఆ సినిమా పేరు కూడా తెలియదు, కానీ ఆయన వంతు వచ్చేసరికి జుబ్బా సర్దుకుని ఎక్కి కూర్చున్నారు, దిగమంటే దిగరే, వెనకాల ఒక చిన్నపిల్ల ఏడుపు మొహం పెట్టింది. ఆ ఫోటో ఇప్పటికీ వాళ్ళ హాల్లో వేంకటేశ్వరస్వామి పటం కింద ఉంది.

గ్రాఫిక్స్ గ్రాఫిక్స్ అంటున్నారు గానీ ఇందులో కంప్యూటర్ గ్రాఫిక్స్ లేవు. శూన్యం వచ్చేటప్పుడు కమ్ముకొచ్చే మేఘాలు నీళ్ళ ట్యాంకులో రంగులు వదిలి తీసినవి. పాపకి ముందే ఇదంతా చేత్తో చేసిన బొమ్మలమ్మా అని చెప్పండి, అప్పుడు బొమ్మలాట చూసినట్టు చూస్తుంది, లోపాలు వెతకదు.

ఎండే విషయానికొస్తే నాది ఆయన పక్షమే. ఆయన నాన్న ఎడ్గర్ ఎండే అధివాస్తవిక చిత్రకారుడు, నాజీల కాలంలో ఆయన బొమ్మలు ప్రదర్శించకూడదని నిషేధం పెట్టారు. ఊహ అంటే ఆ ఇంట్లో ఆటబొమ్మ వ్యవహారం కాదు మరి. తన పుస్తకాన్ని ప్లాస్టిక్, మెత్తటి బొచ్చుబొమ్మల సరుకు చేశారని ఆయన మండిపడ్డాడంటే నాకు ఆశ్చర్యం లేదు. ఇక్కడ బ్లూటెన్‌బుర్గ్ అనే చిన్న కోటలో పిల్లల పుస్తకాల లైబ్రరీ ఉంది, అందులో ఒక గది ఆయన మ్యూజియం. ఆయన 1995లో పోయారు, సమాధి మీద రాయికి బదులు కంచుతో చేసిన పెద్ద పుస్తకం తెరిచి ఉంటుంది. స్టూడియోలో బొచ్చు డ్రాగన్ దగ్గర క్యూ, మ్యూజియంలో నేనొక్కణ్ణే, మీరే అర్థం చేసుకోండి.

రెండో భాగం (1990), మూడో భాగం (1994) జోలికి వెళ్ళకండి. రెండోదాంట్లో జ్ఞాపకాలు పోవడం అనే సంగతి కాస్త వాడుకున్నారు, మాంత్రికురాలు ఉంటుంది, అయినా పిల్లాడు మారిపోయాడు, ప్రాణం లేదు. మూడోదాని గురించి ఏమీ అనను, ఇంట్లో పిల్లలున్నారు.

పక్కా_మాస్:

సరే సరే ఒప్పుకుంటున్నా, మధ్యలో ఆపేసి చివరికి జరిపి చూశా, అందుకే తోడేలు గుర్తుంది. కానీ నా పాయింట్ అలాగే ఉంది. రచయితే నచ్చలేదన్న సినిమాని ఇంతమంది నెత్తిన పెట్టుకోవడమేంటి? మీకు చిన్నప్పటి గుర్తు, అందుకే బాగుంది. మాకు ఆ గుర్తు లేదు.

అటక_మీది_పుస్తకం:

నాకు చిన్నప్పటి గుర్తు ఎక్కడిది తమ్ముడూ, మా ఊళ్ళో ఈ సినిమా ఆడితే కదా. నేను ముందు పుస్తకం చదివి, కాలేజీ అయ్యాక సినిమా చూశాను. కోపంగానే మొదలుపెట్టాను.

నీ ప్రశ్న మాత్రం మంచిది. నాకు తోచింది చెప్తాను. రచయితకి నచ్చలేదంటే సినిమా చెడ్డదని కాదు, ఆయన అడిగిన ప్రశ్న సినిమా అడగలేదని. పాతాళభైరవికి మూలం కాశీమజిలీ కథల్లో ఉంది కదా, ఆ కథలో ఉన్నదంతా సినిమాలో ఉందా? కె.వి.రెడ్డి గారు కావలసింది తీసుకుని తోట రాముణ్ణి తయారుచేశారు, అది విడిగా నిలబడింది. మూలాన్ని మార్చడం తప్పు కాదు. కానీ మూలం దేన్నైతే జాగ్రత్త అని చెప్తుందో, అదే బహుమతిగా ఇచ్చి ఇంటికి పంపిస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. ఊహతో ఏదంటే అది కోరుకో, నీ శత్రువుల్ని తరుము అని సినిమా అంటుంది. అలా కోరుకుంటూ పోతే నువ్వెవరో నీకే గుర్తుండదురా అబ్బాయ్ అని పుస్తకం అంటుంది.

పైగా సినిమా వదిలేసిన ఒక అద్భుతమైన ఘట్టం ఉంది. బాస్టియన్ పేరు పెట్టడానికి జంకుతూ ఉంటాడు. అప్పుడు మహారాణి తనే బయల్దేరి కొండ మీద ఉండే ఒక ముసలాయన దగ్గరికి వెళ్తుంది, జరిగినదంతా రాసేవాడు ఆయన. మొదటి నుంచి చదవమంటుంది. ఆయన చదవడం మొదలుపెడితే పుస్తకాల షాపు, వానలో తడిసిన పిల్లాడు, దొంగతనం, అటక, గుర్రం, తాబేలు, కొండెక్కిన మహారాణి, ముసలాయన, మొదటి నుంచి చదవమనడం, మళ్ళీ పుస్తకాల షాపు… కథ మొదటికొచ్చింది అంటామే, అక్షరాలా అది. పిల్లాడు నోరు తెరిచేదాకా అలా తిరుగుతూనే ఉంటుంది. అంతం లేని కథ అన్న పేరు అక్కణ్ణుంచి వచ్చింది. మన ఏడు చేపల కథ చెప్పించుకునే పిల్లలకి ఇది ఎంత నచ్చుతుందో ఊహించు, దాన్ని వదిలేశారు.

నాన్న గారూ, వరస అడిగారు కదా. ముందు సినిమా, తర్వాత పుస్తకం. పుస్తకం ముందు చదివితే నాలాగా సినిమా అంతా పళ్ళు నూరుతూ చూడాలి. ఇంగ్లీషు అనువాదం రాల్ఫ్ మాన్‌హైమ్ చేసింది, నాలుగు వందల పేజీల దాకా ఉంటుంది, పాప ఒక్కతే కాకుండా మీరు రోజుకి కొంచెం చదివి తెలుగులో చెప్తే బాగుంటుంది. మన లోకం జరిగేది ఒక రంగులో, ఊహాలోకం ఇంకో రంగులో అచ్చువేసిన ప్రతి దొరికితే అదే కొనండి, ఒకే రంగులో వేసినవీ ఉన్నాయి, చూసుకుని తీసుకోండి. సినిమాలో ఆ లోకాన్ని ఫాంటేషియా అంటారు, ఇంగ్లీషు పుస్తకంలో ఫాంటాస్టికా అని ఉంటుంది, పాప పట్టుకుంటుంది, కంగారు పడకండి.

మ్యూనిక్_మావయ్య:

కొత్తగా మళ్ళీ తీస్తామని 2024లో ఎండే పేరుతో ఉన్న సంస్థతో కలిసి ఒక కంపెనీ ప్రకటించింది, ఒకటి కాదు కొన్ని సినిమాలుగా అట. ఈసారైనా రెండో సగం తీస్తారేమో చూడాలి. దానికోసం ఆగకండి, పాప పెద్దదైపోతుంది.

హనుమకొండ_నాన్న:

నిన్న మధ్యాహ్నం చూశాం. చెప్పకపోతే బాగోదు కాబట్టి చెప్తున్నా.

డ్రాగన్‌ని చూసి పాప నవ్వింది, పక్కా_మాస్ తమ్ముడు అన్నట్టే "నాన్నా ఇది కుక్కపిల్ల" అంది. కానీ వెక్కిరింపు నవ్వు కాదు, ఇంటికి తెచ్చుకుందామా అనే నవ్వు. గుర్రం దగ్గర నేను ముందే చెప్పి పెట్టాను కాబట్టి పాప గట్టిగానే నిలబడింది, దిండు మాత్రం నలిగిపోయింది. మా అమ్మ పూజగదిలోంచి వచ్చి అప్పుడే కూర్చుంది, కథేంటో తెలియదు, ఇంగ్లీషు రాదు, ఆ మూగజీవాన్ని చూసి కొంగుతో కళ్ళు తుడుచుకుని "ఇట్లాంటివి పిల్లలకి చూపిస్తారా" అని నా మీద పడింది. సింహికల దగ్గర అందరం ఊపిరి బిగబట్టాం, అది నిజం. మధ్యలో కొంచెం సాగింది, అదీ నిజం.

ఇబ్బంది పడింది నేనొక్కణ్ణే. మొదట్లో పొద్దున టిఫిన్ దగ్గర సీన్ ఉంది చూడండి, బాస్టియన్ వాళ్ళ నాన్న జ్యూస్‌లో పచ్చి గుడ్డు కొట్టుకుని తాగుతూ, ఊహల్లో ఉండటం ఆపు, నేల మీద కాళ్ళు పెట్టు అని చెప్తాడు. పాప మెల్లగా తల తిప్పి నా వైపు చూసింది. ఏమీ అనలేదు. చూసింది అంతే. మీరెవరైనా ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే ఆ టైమ్‌కి నీళ్ళు తాగడానికి లేచేవాణ్ణి.

చివర్లో పిల్లాడు కిటికీలోంచి వర్షంలో ఏదో పేరు అరుస్తాడు, నాలుగుసార్లు వెనక్కి జరిపినా వినపడలేదు. ఏం పేరది? ఇంకో ప్రశ్న కూడా అడిగింది, నా దగ్గర జవాబు లేదు. "వాళ్ళ నాన్న మళ్ళీ కనిపించలేదేంటి? వీడు ఇంటికి రాలేదని వెతకడా?" అంది. నిజమే కదా, పిల్లాడు రాత్రంతా బడి అటక మీద ఉంటే ఇంట్లో ఎవరూ కంగారు పడరా?

అటక_మీది_పుస్తకం:

పేరు మూన్ చైల్డ్ అండీ. ఉరుముల్లో కొట్టుకుపోయింది, ఎవరికీ సరిగ్గా వినపడదు. సినిమాలో మాటల్ని బట్టి వాళ్ళ అమ్మ పేరేమో అనిపిస్తుంది, పుస్తకంలో అలా ఏమీ లేదు, మహారాణిని చూసిన క్షణంలో ఆ పేరు వాడి మనసులో పడుతుంది.

పాప రెండో ప్రశ్నకి జవాబు పుస్తకంలో చివరి రెండు అధ్యాయాలు. చెప్పమంటే చెప్తాను, పాపకి మాత్రం చెప్పకండి. అన్నీ మరచిపోయి తన పేరొక్కటే మిగిలిన బాస్టియన్ ఒక గనిలో పని చేస్తాడు. మనుషులు మరచిపోయిన కలల బొమ్మలు అక్కడ పల్చటి పొరలుగా భూమిలో ఉంటాయి. రోజుల తరబడి చీకట్లో తవ్వి తవ్వి ఒక బొమ్మ బయటికి తీస్తాడు. తెల్ల కోటు వేసుకున్న ఒక మనిషి, చేతిలో పళ్ళ అచ్చు, ముఖంలో దిగులు, మనిషి చుట్టూ గడ్డకట్టిన మంచు. ఆ మనిషెవరో వాడికి తెలియదు. కానీ వదిలిపెట్టి వెళ్ళలేకపోతాడు.

వాళ్ళ నాన్న పళ్ళ సెట్లు తయారుచేసే పని చేస్తాడు. ఊరంతా వెతికాడు కూడా, పోలీసులకి చెప్పాడు. మిగతాది మీరే చదవండి.

హనుమకొండ_నాన్న:

ఆర్డర్ పెట్టేశాను. రెండు రంగులదే దొరికింది, కాస్త ఎక్కువే అయింది. గురువారం వస్తుందంటున్నాడు. ఇవాళ సోమవారం, పాప అప్పుడే రెండుసార్లు గేటు దాకా వెళ్ళొచ్చింది.